జీపు తాగే డీజిలు: లెక్క మన పుస్తకంలో ఉండాలి

పత్తి, వరి డబ్బు ఇంకా చేతికి రాకముందే మండల కేంద్రాల్లో వాహన కంపెనీల షామియానాలు లేస్తాయి. పాత బండి ఇచ్చి కొత్తది పట్టుకెళ్ళమని మైకులు మోగుతాయి. పాత డీజిలు జీపు ఉన్న రైతు అటు వెళితే చెప్పే మాట ఒకటే: ‘‘అది తాగుబోతు బండి అన్నా, ఎన్నాళ్ళని మేపుతావు?’’ చేతిలో పెట్టే రంగుల కరపత్రంలో కొత్త బండి మైలేజీ పెద్ద అంకెల్లో ఉంటుంది. అది పరీక్షా పరిస్థితుల్లో వచ్చిన అంకె అన్న సంగతి కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఎనిమిది పది లక్షల నిర్ణయం ఈ రెండు మాటల మీద జరిగిపోతోంది. తన పాత బండి నిజానికి లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తోందో కాగితం మీద రాసిపెట్టుకున్న రైతుల్ని మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఈ బండ్లు మన దగ్గర షోకు కోసం లేవు. పాడేరు, చింతపల్లి, అరకు వైపు కాఫీ, మిరియాలు, పసుపు, అల్లం కొండ దిగి సంతకు చేరేది చాలావరకు పాత జీపుల మీదే. ఆదిలాబాద్ రేగడి నేలల్లో నాలుగు చినుకులు పడితే మామూలు బండి పొలం గట్టు దగ్గరే ఆగిపోతుంది. అక్కడ ఫోర్‌వీల్ గేరు ఉన్న బండికే దారి. ఎంఎం 540, కమాండర్, మార్షల్, తొలినాటి బొలేరో – పేరు ఏదైనా ఎరువు బస్తా, మందు డబ్బాలు, కూలీలు, పురిటి నొప్పుల మనిషి, అన్నీ వాటి మీదే. కాబట్టి పాత బండిని ఉంచాలా తీసేయాలా అన్నది మోజుకు సంబంధించిన ప్రశ్న కాదు, సేద్యం ఖర్చుకు సంబంధించినది.

ముందు కంపెనీ అంకె సంగతి. మన దేశంలో ఆ మైలేజీ పరీక్ష రోడ్డు మీద జరగదు. కొత్త బండిని రోలర్ల మీద నిలబెట్టి, ఏసీ ఆపి, ముందే రాసిపెట్టిన పద్ధతిలో వేగం పెంచుతూ తగ్గిస్తూ కొలుస్తారు. అక్కడ ఘాటు ఉండదు, బురద ఉండదు, వెనక పది బస్తాలు ఉండవు. దీన్ని మోసం అనలేం. అన్ని బండ్లనూ ఒకే కొలతలో పెట్టడానికి అదొక పద్ధతి. ఏ బండి కంటే ఏది మేలో చెప్పడానికి పనికొస్తుంది. మన జేబులోంచి ఎంత పోతుందో చెప్పడానికి పనికిరాదు. ఆ తేడాను అమ్మేవాడు చెప్పడు.

పాత జీపులన్నీ ఒకటి కావు. ఎంఎం 540, తొలి కమాండర్లలో వచ్చిన 2.1 లీటర్ల ప్యూజో ఇంజనులో డీజిలు నేరుగా పిస్టన్ మీద పడదు. పక్కనున్న చిన్న గదిలో మండి తర్వాత సిలిండరులోకి వస్తుంది. ఆ గది గోడలకే కొంత వేడి పోతుంది. తర్వాత వచ్చిన డీఐ ఇంజనులో డీజిలు నేరుగా సిలిండరులోనే మండుతుంది. అదే పనికి డీఐ ఇంజను సుమారు 15 శాతం తక్కువ తాగుతుంది. కాబట్టి పక్క ఊరి డీఐ బండి మైలేజీ విని మన ప్యూజో బండిని తిట్టుకోవడం అన్యాయం. పొద్దున స్టార్టు చేసే ముందు హీటర్ ప్లగ్గులు వేడెక్కే దాకా ఆగాల్సిన బండి అయితే అది సాధారణంగా మొదటి రకం.

ఇక ఫోర్‌వీల్ గేరు. చాలామంది అది వేస్తే ఇంజనుకు బలం పెరుగుతుందనుకుంటారు. పెరగదు. ఉన్న బలాన్నే నాలుగు చక్రాలకు పంచుతుంది. బురదలో చక్రం తిరుగుడు ఆగిపోయి బండి కదులుతుంది కాబట్టి అక్కడ డీజిలు ఆదా కూడా అవుతుంది. అదే గేరుతో తారు రోడ్డెక్కితే ముందు చక్రాలు, వెనక చక్రాలు మలుపుల్లో ఒకదాన్నొకటి ఈడ్చుకుంటాయి. టైర్లు అరుగుతాయి, షాఫ్టు మీద బరువు పడుతుంది, డీజిలు వృథా. ముందు చక్రాల హబ్బులకు లాకు ఉన్న బండ్లలో వానాకాలం పోయాక లాకు తీయడం మరిచిపోతుంటారు. గేరు తీసేసినా ముందు షాఫ్టు ఊరికే తిరుగుతూనే ఉంటుంది. ఒక నిమిషం పని అది. టైర్లో గాలి చూసుకునేటప్పుడు చూసుకుంటే సరి.

కొండ ప్రాంతంలో లెక్క ఇంకోలా ఉంటుంది. రెండు టన్నుల బండి వెయ్యి మీటర్ల ఎత్తు ఎక్కాలంటే, దూరానికి పట్టే డీజిలు కాక, ఆ ఎత్తుకే దాదాపు రెండు లీటర్లు పోతుంది. దాన్ని ఏ కొత్త ఇంజనూ మాయ చేయలేదు, కొంచెం తగ్గించగలదంతే. అందుకే ఘాటు మీద ఎనిమిది ఇచ్చే బండిని, మైదానంలో పన్నెండు ఇచ్చే బండితో పోల్చకూడదు. ఇక్కడే ఒక ప్రాణాంతకమైన అలవాటు గురించి చెప్పాలి. దిగేటప్పుడు డీజిలు మిగులుతుందని గేరు న్యూట్రల్ చేసి వదిలేసే డ్రైవర్లు ఉన్నారు. డీజిలు ఇంజనులో గేరు ఉంచి యాక్సిలరేటరు వదిలేస్తే పంపు డీజిలు పంపడం దాదాపు ఆపేస్తుంది, చక్రాలే ఇంజనును తిప్పుతాయి. న్యూట్రల్లో అయితే ఇంజను ఆగకుండా ఉండటానికి డీజిలు మండుతూనే ఉంటుంది, పైగా బ్రేకులు కాలిపోతాయి. అంటే ఆదా లేదు, ప్రమాదం మాత్రం ఉంది. సంత రోజున ఇరవై మందిని ఎక్కించుకుని న్యూట్రల్లో ఘాటు దిగే డ్రైవరును అక్కడే ఆపి చెప్పాల్సింది అందులో కూర్చున్న మనమే.

మైలేజీ కొలవడానికి మెకానిక్కు అక్కర్లేదు. బంకులో ట్యాంకు నిండా కొట్టించి, పైపు దానంతటదే ఆగిన చోట ఆపించాలి. మీటరు అంకె రాసుకోవాలి. మామూలుగా తిరిగినట్టే తిరిగి, మళ్ళీ అదే బంకులో, అదే పైపుతో నిండా కొట్టించాలి. రెండోసారి ఎన్ని లీటర్లు పట్టిందో అది మొదటిసారి నుంచి తిరిగిన దూరానికి తాగిన డీజిలు. ఒక్కసారి లెక్క నమ్మొద్దు, మూడు ట్యాంకుల సగటు చూడాలి. పక్కనే ఒక మాట రాసుకోవాలి: లోడు ఎంత, దారి ఎలాంటిది. ఇంకో చిక్కు ఉంది. చాలా పాత బండ్లకు కంపెనీ సైజు కంటే పెద్ద టైర్లు వేయించి ఉంటారు. టైరు ఎత్తు ఐదు శాతం పెరిగితే మీటరు ఐదు శాతం తక్కువ దూరం చూపిస్తుంది. బండి నిజంగా 100 కిలోమీటర్లు పోయినా మీటరులో 95 చిల్లరే కనబడుతుంది. మైలేజీ పడిపోయిందని కంగారు పడేవాళ్ళు ముందు హైవే మీద కిలోమీటరు రాళ్ళతో మీటరును సరిచూసుకోవాలి.

బంకు కొలత మీద అనుమానం వస్తే అడిగే హక్కు మనకుంది. ప్రతి బంకులో తూనికల శాఖ ముద్ర ఉన్న ఐదు లీటర్ల కొలపాత్ర ఉండాలి. అడిగిన వినియోగదారు ఎదుట కొలిచి చూపాలి. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్లకు మించి తగ్గకూడదు. గొడవ పెట్టుకోనక్కర్లేదు, కొలవమంటే చాలు.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. లీటరుకు ఇన్ని కిలోమీటర్లు అని చెప్పుకునే పద్ధతిలోనే ఒక మాయ ఉంది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు 8 ఇస్తే 125 లీటర్లు తాగుతుంది. బాగుచేయించి 10 చేస్తే 100 లీటర్లు. మిగిలింది 25 లీటర్లు. అదే 14 ఇచ్చే బండి తీసేసి 17 ఇచ్చే బండి కొంటే, 71 నుంచి 59కి తగ్గుతుంది, మిగిలేది 12 లీటర్లు. వినడానికి 3 కిలోమీటర్లు పెరగడం గొప్పగా ఉంది, 2 పెరగడం చిన్నగా ఉంది. డబ్బు మాత్రం రెండో దానిలో రెట్టింపు మిగిలింది. అధ్వాన్నంగా ఉన్న బండిని ఓ మాదిరిగా చేయడంలో ఉన్న లాభం, బాగున్న బండిని ఇంకా బాగున్న బండితో మార్చడంలో లేదు.

కొత్త బండి మాటేమిటి? పాత జీపు 10 ఇస్తోంది, కొత్తది అదే దారిలో, అదే లోడుతో 14 ఇస్తుందనుకుందాం. ఏడాదికి 12,000 కిలోమీటర్లు. డీజిలు లీటరు 96 రూపాయలు. పాతదానికి 1,200 లీటర్లు, అంటే 1,15,200 రూపాయలు. కొత్తదానికి 857 లీటర్లు, 82,000 పైచిలుకు. ఏడాదికి మిగిలేది 33,000 లోపు, నెలకు 2,700 చిల్లర. పది లక్షల బండికి రెండు లక్షలు చేతినుంచి పెట్టి, ఎనిమిది లక్షలు పది శాతం వడ్డీకి ఐదేళ్ళకు తీసుకుంటే నెల వాయిదా 17,000. డీజిలులో మిగిలింది వాయిదాలో ఆరో వంతు కూడా కాదు. పాత బండి రిపేర్లకు నెలకు మూడు వేలు పోతున్నాయనుకుని దాన్ని కూడా కలిపినా మూడో వంతు దగ్గరే ఆగుతుంది. కొత్త బండి ఇన్సూరెన్సు ఇంకా లెక్కలో వేయలేదు.

రోజుకు రెండు వందల కిలోమీటర్లు కిరాయికి తిప్పేవాడి సంగతి వేరు. అతనికి డీజిలు మిగులే వాయిదా కట్టేస్తుంది, పాతది అమ్మి కొత్తది కొనడంలో తప్పు లేదు. కానీ పొలానికి, యార్డుకు, ఆసుపత్రికి తిరిగే రైతు డీజిలు మిగులుతుందని కొత్త బండి కొంటే, ఆ వాయిదా పంట మీదే పడుతుంది. పంట పోయిన ఏడాది అదే వాయిదా వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కిస్తుంది. కొనాలనుకుంటే వేరే కారణాలు చాలా ఉన్నాయి: భద్రత, పొగ, పిల్లల చదువుకు తిరుగుడు. వాటికి కొనుక్కోవచ్చు. మైలేజీ పేరు చెప్పి మాత్రం వద్దు. ఇంకొక్క మాట. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 డీజిలు బండ్లలో చాలావాటికి పొగగొట్టంలో మసి పట్టే జల్లెడ ఉంటుంది. అది శుభ్రపడాలంటే బండి అప్పుడప్పుడు తగినంత వేగంతో, తగినంత దూరం పోవాలి. ఊళ్ళోనే అడుగు దూరాలు తిరిగితే జల్లెడ పూడుకుపోతుంది, దాన్ని కాల్చుకోవడానికి బండి అదనంగా డీజిలు తాగుతుంది. ఈ సంగతి షామియానా కింద ఎవరూ చెప్పరు.

పాత బండిని ఉంచుకునేవాళ్ళు దాన్ని అలాగే వదిలేయమని కాదు దీనర్థం. నల్లపొగ వదిలే జీపు మన డబ్బునే గాల్లోకి వదులుతోంది, వెనక వచ్చే పిల్లల ఊపిరితిత్తుల్లోకి వదులుతోంది. నల్లపొగ అంటే డీజిలు పూర్తిగా మండటం లేదని. నాజిల్స్ అరిగాయా, పంపు కాలిబ్రేషన్ తప్పిందా, ఎయిర్ క్లీనరు దుమ్ముతో మూసుకుపోయిందా చూడాలి. పత్తి చేల మట్టిదారిలో తిరిగే బండికి ఎయిర్ క్లీనరు పుస్తకంలో రాసినదానికంటే చాలా ముందే శుభ్రం చేయాలి. ఎక్కువ లాగుడు కోసం పంపులో డీజిలు పెంచమని మెకానిక్కును అడిగేవాళ్ళూ ఉన్నారు. పెరిగేది పొగ, ఖర్చు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది, ఎవరూ పట్టించుకోనిది థర్మోస్టాట్ వాల్వు. ఇంజను వేడెక్కుతోందని వెళితే చాలా షెడ్లలో ముందు చేసే పని ఆ వాల్వు పీకి పారేయడం. వేడి తగ్గుతుంది, రైతు సంతోషిస్తాడు. కానీ ఇంజను ఎప్పుడూ కావలసినంత వేడెక్కదు. చల్లని ఇంజను ఎక్కువ డీజిలు తాగుతుంది, లోపల సిలిండర్లు త్వరగా అరుగుతాయి. అసలు జబ్బు రేడియేటరు పూడుకుపోవడమో, వాటర్ పంపు పాడవడమో అయి ఉంటుంది. చలికాలం పొద్దున పది కిలోమీటర్లు పోయినా వేడి ముల్లు లేవకపోతే మీ బండిలో వాల్వు లేదని అనుమానించండి. డీజిలు పైపు జాయింటు దగ్గర చెమ్మ కూడా చిన్నది కాదు. సెకనుకు ఒక చుక్క కారితే రోజుకు నాలుగు లీటర్ల పైమాట. బ్రేకులు పట్టేసి ఉన్నాయా అన్నది బండి ఆపి చక్రం మీద చేయి పెడితే తెలిసిపోతుంది. క్లచ్ జారుతుంటే ఇంజను అరుస్తుంది, బండి కదలదు. ఇక వేగం: జీపు ముందు భాగం పెట్టెలా ఉంటుంది. గంటకు 60లో పోయే బండిని 80లో తోలితే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు దాటి దాదాపు 1.8 రెట్లవుతుంది. పది నిమిషాలు ముందు చేరడానికి లీటరు పోగొట్టుకోవడం ఏమి లాభం?

ఇంత చేసినా బంకు బిల్లు ఎందుకు దిగడం లేదంటే దానికి కారణం ఇంజనులో లేదు. 2014 మొదట్లో లీటరు డీజిలుపై కేంద్ర ఎక్సైజు సుంకం 3 రూపాయల 56 పైసలు. ఆ ఏడాది అక్టోబరులో డీజిలు ధరపై నియంత్రణ ఎత్తేశారు. అంతర్జాతీయంగా ముడి చమురు ధర పడిపోతే వినియోగదారుకు తగ్గుతుందని చెప్పారు. 2020 ఏప్రిల్‌లో బ్యారెల్ ఇరవై డాలర్లకు పడిపోయింది. తగ్గాల్సింది తగ్గలేదు, మే నెలకు ఎక్సైజు 31 రూపాయల 83 పైసలకు చేరింది. తర్వాత రెండుసార్లు తగ్గించి, 2025 ఏప్రిల్‌లో మళ్ళీ రెండు రూపాయలు పెంచితే 17 రూపాయల 80 పైసలైంది. ఇందులో 4 రూపాయల పేరు వినండి: వ్యవసాయ మౌలిక సదుపాయాల, అభివృద్ధి సెస్సు. 2021 బడ్జెట్లో పెట్టారు. రైతు పొలానికి వెళ్ళే జీపులో పోసుకునే డీజిలు మీద, రైతును ఉద్ధరించడానికని, రైతు దగ్గరే వసూలు! సెస్సు కాబట్టి రాష్ట్రాలకు వాటా కూడా లేదు.

రాష్ట్రాలేమీ వెనకబడి లేవు. తెలంగాణలో డీజిలుపై వ్యాట్ 27 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 22.25 శాతం, దానిపైన లీటరుకు 4 రూపాయలు, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు. కేంద్రం, రాష్ట్రం కలిపి లీటరుకు 38 రూపాయల దాకా పన్ను. పైన చెప్పిన పాత జీపు ఏడాదికి తాగే 1,200 లీటర్ల మీద పన్నే 45,000 దాటుతుంది. కొత్త బండి కొంటే ఏడాదికి మిగులుతుందన్న 33,000 కంటే ఇది ఎక్కువ. తాగుబోతు ఎవరో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

పైగా పాత బండి మీద రుసుముల బాదుడు. పదిహేనేళ్ళు దాటిన సొంత నాలుగు చక్రాల బండి రిజిస్ట్రేషన్ రెన్యువల్ రుసుము 600 నుంచి 2022 ఏప్రిల్‌లో 5,000 చేశారు. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన బండ్లకు 10,000 చేశారు. దీని చుట్టూ పుకార్లు కూడా తిరుగుతున్నాయి. పదేళ్ళు దాటిన డీజిలు బండ్లను పట్టుకుపోతారట అని చెప్పి, బ్రోకర్లు తుక్కు ధరకు జీపులు కొనుక్కుపోతున్నారు. ఆ పదేళ్ళ నిబంధన ఢిల్లీ, దాని చుట్టుపక్కల జిల్లాలతో కూడిన జాతీయ రాజధాని ప్రాంతానిది. మన రాష్ట్రాలకు అది వర్తించదు. ఇక్కడ ఫిట్‌నెస్ పాసై, రెన్యువల్ ఉన్న సొంత బండిని వయసు చూపించి తుక్కు చేయమనే చట్టం లేదు. భయపెట్టినవాడికి అమ్మకండి. నిజంగా తుక్కుకే ఇవ్వాలనుకుంటే గుర్తింపు ఉన్న కేంద్రంలోనే ఇచ్చి డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోండి, కొత్త బండి పన్నులో రాయితీ దాని మీదే వస్తుంది.

సేద్యపు డీజిలుపై పన్ను వాపసు సాధ్యం కాదనేవారికి ఒక్కటే జవాబు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మరపడవల మత్స్యకారులకు లీటరుకు 9 రూపాయల రాయితీ ఇస్తోంది, ఇన్ని లీటర్లని పరిమితి పెట్టి. అది వారి హక్కు, ఇంకా పెరగాలి. కరువు ఏడాదుల్లో బీహారు ప్రభుత్వం తడులకు వాడే డీజిలుకు రైతులకు సబ్సిడీ ఇచ్చింది. బ్రిటన్‌లో, అమెరికాలో వ్యవసాయ యంత్రాల డీజిలుకు వేరే రంగు వేసి పన్ను తగ్గించో, ఎత్తేసో అమ్ముతారు. పడవకు లెక్క కట్టగలిగినవాళ్ళు ఎకరాకు లెక్క కట్టలేరా? పట్టాదారుతో పాటు కౌలు రైతుకూ కలిపి, ఎకరాకు ఇన్ని లీటర్లని నిర్ణయించి, ఆ మేరకు పన్ను ఖాతాలో వేయాలన్నది మన డిమాండు. సెస్సు నాలుగు రూపాయలతో మొదలుపెట్టినా సరే. ఏజెన్సీ మండలాల్లో నాజిల్, పంపు కాలిబ్రేషన్ చేసే సదుపాయం ఐటీడీఏల ద్వారా పెట్టించాలి. పాడేరు రైతు పంపు బాగు కోసం విశాఖ దాకా దిగాల్సిన పని ఉండకూడదు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ఇలాంటి పాత బండ్లు మన దారుల్లో, మన లోడుతో ఎంత తాగుతున్నాయో కొలిచి తెలుగులో ప్రకటించే పని దానికి అప్పగించాలి.

అది జరిగే దాకా ఆగనక్కర్లేదు. వచ్చే గ్రామ సమావేశాలకు జీపు, బొలేరో ఉన్న సభ్యులు మూడు ట్యాంకుల లెక్క రాసుకుని రండి. ఇంజను ఏది, ఎన్నో సంవత్సరం బండి, దారి మైదానమా ఘాటా, లోడు ఎంత, ఎన్ని లీటర్లకు ఎన్ని కిలోమీటర్లు – ఇంతే కావాలి. పేర్లు లేకుండా మండలాల వారీగా ఈ పత్రికలో వేస్తాం. డీజిలు పన్ను మీద వినతిపత్రం ఇచ్చే రోజు దానికి జతచేసేది ఆ కాగితాలనే.